మింగొద్దు, దూకొద్దు

చదువు రాకముందు లక్డారం దేవమ్మకి జన్మలో ఒక్క బస్సు తప్పిపోలేదు. నేను చదువు నేర్పిన ఆరు నెలలకి, ఒక్క వారంలో మూడు బస్సులు తప్పిపోయాయి. ఈ సంగతి నాకు చెప్పింది దేవమ్మ కాదు, ఆమె పక్కింటి పుష్పమ్మ. అదీ క్లాసు మధ్యలో, అందరి ముందూ, కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పింది.

"టీచరమ్మా, రుద్రారం అడ్డ మీద బస్సొచ్చి ఆగుతది. మేమందరం ఎక్కుతం. గీమె ఎక్కది. కింద నిలవడి బస్సు మీద రాసినయన్నీ సదువుతది. 'ఆం-ధ్ర-ప్ర-దే-శ్ రో-డ్డు ర-వా-ణా' అనంగనే కండక్టరు రైట్ అంటడు. బస్సు పోతది. గీమె ఇంకా 'సం-స్థ' కాడనే ఉంటది!"

క్లాసంతా గొల్లుమంది. దేవమ్మ మాత్రం నవ్వలేదు. పలక ఒళ్ళో పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"మరి నువ్వే గదా టీచరమ్మా, మొదటి అచ్చరం కాడికెల్లి సదవమంటివి. ఊరి పేరు కాడికి నేనొచ్చేసరికి బస్సు పోవట్టె. నేనేం జేయాలె?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే ఆ మాట నేనన్నదే.

నా పేరు హైమావతి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా ఆయన వీర్రాజుకి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక పటాన్‌చెరులో కాపురం పెట్టాం. తొంభై రెండులో జిల్లా అంతటా పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే ఉద్యమం మొదలైతే, బియ్యే చదివి ఇంట్లో ఊరగాయలు పెట్టుకుంటున్న నేను, లక్డారంలో సాయంత్రం క్లాసు చెప్పడానికి ఒప్పుకున్నాను. నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే మీకు మా ఆయన్ని అడిగే శ్రమ తప్పుతుంది.

మా నాన్న తెలుగు మేష్టారు. చదివేటప్పుడు అక్షరం మింగితే తొడపాశం పెట్టేవారు. వారపత్రిక రాగానే సీరియల్ చివరి పేజీ ముందు చూశానని ఒకసారి నా చేత పత్రికంతా అట్ట మీది ధరతో సహా గట్టిగా చదివించారు. ఆయన పెంపకం ఎక్కడికి పోతుంది? నా క్లాసు గోడ మీద మొదటి రోజే సుద్దముక్కతో పెద్దక్షరాలు రాశాను. 'మింగొద్దు, దూకొద్దు.' రోజూ పాఠానికి ముందు పాతికమంది ఆడవాళ్ళూ ఆ రెండు మాటలూ అరిచి చెప్పాల్సిందే. ఇంటికెళ్ళాక నేను మాత్రం పేపరు వెనకనించి తిరగేసి, సినిమా పేజీ చూసి, మిగతాది పోపుల డబ్బా కింద వేసేదాన్ని. అది వేరే సంగతి.

దేవమ్మకి నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పని మధ్యలో లేచొచ్చినట్టుంటుంది. నన్ను మొదటి రోజునించీ 'నువ్వు' అనేది. మా వైపు ఇంటి పనిమనిషి కూడా 'అమ్మగారూ, మీరు' అంటుంది కదా, నా ప్రాణం చివుక్కుమనేది. పోనుపోనూ తెలిసింది, ఆవిడ దేవుణ్ణీ సర్పంచినీ కూడా నువ్వే అంటుందని. ఆ లెక్కన నేను మంచి వరసలోనే ఉన్నాను.

ఆవిడ పని చేసేది పశువుల మందుల కంపెనీలో. దూడలకి పట్టే నట్టల మందు, బర్రెల పొదుగువాపు మందు, అలాంటివి సీసాల్లో నింపి లేబుల్ అంటించి పంపిస్తారు. దేవమ్మ అక్కడ ఊడవడం, పెట్టెలు మొయ్యడం, ఏది చెబితే అది. కాంట్రాక్టు మనిషి. ఎనభై తొమ్మిది రోజులు పని చేయించుకుని ఓ పది రోజులు ఇంటి దగ్గర కూర్చోబెడతారు. మళ్ళీ కొత్తగా చేరినట్టు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఎందుకంటే తొంభై రోజులు దాటితే పక్కా నౌకరి అడుగుతారని భయం.

"తొమ్మిదేండ్ల సంది నేను గా కంపెనీల కొత్తదాన్నే టీచరమ్మా" అంది ఒకసారి. "నాకంటె ఎనుక చేరిన మిషన్లు గూడ పాతవడ్డయి."

సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీవాళ్ళు ఒక కబురు చెప్పారు. నలుగురు ఆడవాళ్ళని లేబుళ్ళు సరిచూసే పనిలోకి తీసుకుంటారు. పర్మినెంటు. కూర్చుని చేసే పని. కానీ చదవడం రావాలి. మూడు వారాల్లో పరీక్ష. పది నిమిషాల్లో అరవై సీసాలు చూసి గడువు దాటినవి తీసి పక్కన పెట్టాలి, ఒక నోటీసు చదివి అందులో ఏముందో చెప్పాలి.

దేవమ్మ ఆ కబురు మోసుకొచ్చిన సాయంత్రం ఆవిడ మొహం చూడాలి! "టీచరమ్మా, గీ నౌకరి నాకొస్తే ఇగ నన్నెవ్వరు ఆపరు. పది దినాలు ఇంట్ల కూసోని, మల్ల పిలుస్తరో పిలువరో అని పరేషాన్ గాకుంట ఉంట. సదువొచ్చింది గద, వస్తది గద?" అంది.

"రాకేం చేస్తుంది! నా దగ్గర చదివినదానివి" అన్నాను. ఆ గర్వం ఎంతసేపో నిలవలేదు.

మర్నాడే కంపెనీనించి ఖాళీ సీసాలు ఓ సంచీడు తెప్పించాను. వరుసగా పెట్టి, మా ఆయన చేతిగడియారం విప్పి నా ముందు పెట్టుకుని "కానీ" అన్నాను. దేవమ్మ మొదటి సీసా తీసుకుంది. కళ్ళకద్దుకుంది. లేబుల్ పై అంచు మీద వేలు పెట్టింది.

"ప-శు-వై-ద్య అ-వ-స-రా-ల-కు మా-త్ర-మే. వా-డే ముం-దు బా-గు-గా కు-లు-కు-ము..."

కులకడం దగ్గర పుష్పమ్మ కిసుక్కుమంది. దేవమ్మ ఆగలేదు. చల్లని ప్రదేశమూ, పిల్లలకి అందకుండా ఉంచడమూ, దూడలకి ఎంత, గేదెలకి ఎంత, అన్నీ చదివింది. 'గేదె' దగ్గర మాత్రం 'బర్రె' అని చదివింది. "అక్కడున్నది చదువు" అన్నాను. "బర్రెనే గద ఉన్నది" అంది. ఆ వాదన అయ్యేసరికి నాలుగు నిమిషాలు. సీసా అడుగున ఊదా సిరాతో ముద్ర కొట్టిన గడువు తేదీ దగ్గరికి వచ్చేసరికి ఏడు నిమిషాలు. పది నిమిషాల్లో ఒకటిన్నర సీసా అయింది. ఉన్నవి అరవై.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరు చదవమన్నారు నిన్ను ఇదంతా! దూడకి మందు పడుతున్నావా? తేదీ చూడవే తల్లీ, తేదీ!"

"దూకొద్దంటివి గద" అంది మెల్లగా.

గోడ మీద నా దస్తూరీ నాకే కనబడింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, నేను చక్కగా గుండ్రంగా అక్షరాలు రాసి మరీ తీసుకున్నాను. తప్పు నాదని తెలిస్తే నాకు కోపం రెండింతలు వస్తుంది. సీసాలు పక్కకి నెట్టి "సరే, నోటీసు" అన్నాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గరనించి మా ఆయన రాసుకొచ్చిన నోటీసు అది. పుష్పమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. దేవమ్మ గొంతు సవరించుకుంది.

"ఇం-దు-మూ-ల-ము-గా... టీచరమ్మా, ఈ ఇందుమూలమ్మ ఎవరు?"

"ఎవరూ కాదు, చదువు."

"ఎవరు గాకుంటె పేరెందుకు రాస్తరు? 'ఇందుమూలమ్మగా యావన్మంది'... ఇందుమూలమ్మ, యావన్మంది, ఇద్దరున్నరు. అక్కాచెల్లెండ్లా?"

క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఆడవాళ్ళు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడ్డారు. దేవమ్మ నిజంగానే తెలియక అడిగింది, ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. సుద్దముక్క విసిరికొట్టి, "ఈ జన్మకి నీకు చదువు రాదు, నాకు ఓపిక రాదు" అనేసి ఆటో ఎక్కి వచ్చేశాను.

ఇంట్లో అన్నం సహించలేదు. మా ఆయన సంగతంతా విని ఒకటే మాటన్నాడు.

"ఏవే హైమా, మరి నువ్వు ఊరగాయ సీసా కొనేటప్పుడు లేబుల్ మొత్తం చదువుతావా?"

"నేనెందుకు చదువుతాను? తారీఖు చూస్తాను."

"ఆ చూడ్డం ఆవిడకి ఎప్పుడైనా చెప్పావా?"

చెప్పలేదు. చెప్పాలని కూడా తెలియదు. నాకెవరూ చెప్పలేదు మరి. ఎప్పుడో నా కళ్ళు వాటంతట అవే నేర్చేసుకున్నాయి. మా ఆయన మాట నిజమని ఒప్పుకోవడం ఇష్టంలేక కంచం తీసుకుని లేచిపోయాను గానీ, ఆదివారం పొద్దున్నే లక్డారం బయల్దేరాను. క్షమాపణ చెప్పడానికని అనుకోకండి. ఊరికే, చూసొద్దామని.

దేవమ్మ అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం బాగుచేస్తోంది. నన్ను చూసి ఏమీ జరగనట్టే "రా టీచరమ్మా, కూసో. చాయ్ పెడతనుండు" అంది. పుష్పమ్మతో ఏదో కబుర్లు చెబుతోంది. చెబుతూనే చాట ఆడిస్తోంది. కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చెయ్యి మాత్రం పోయి పోయి రాయి మీదే పడుతోంది. టిక్కున తీసి అవతల పారేస్తోంది. అరసోలెడు బియ్యంలో నాలుగు రాళ్ళూ ఒక మట్టిబెడ్డా వెళ్ళిపోయాయి. నాకైతే అంతా తెల్లగా ఒకటిగానే కనబడింది.

"అదెలా కనబడుతుంది దేవమ్మా నీకు? ఒక్కో గింజా చూస్తావా?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "గింజనెవరన్న సూస్తరా టీచరమ్మా? గింజ గింజ సూస్తె అన్నం ఎప్పుడొండాలె? నేను రాయిని సూస్త. గింజలు నాకు కనవడనే కనవడవు."

నేను అరుగు మీదనించి లేచి నిలబడ్డాను. నా చేతిసంచీలో ఇంకా ఒక సీసా ఉంది. తీసి ఆవిడ చాటలోనే పెట్టాను.

"ఇదిగో. ఇందులో ఉన్న రాతంతా బియ్యం. గడువు తేదీ ఒక్కటే రాయి. రాయిని తియ్యి."

దేవమ్మ సీసా వంక చూసింది. నా వంక చూసింది. ఎందుకైనా మంచిదని పుష్పమ్మ వంక కూడా చూసింది. తర్వాత సీసా అటు తిప్పింది, ఇటు తిప్పింది, వేలు సూటిగా అడుగున ఊదా ముద్ర మీద పెట్టింది.

"మార్చి తొంబై మూడు."

"మరి పైన ఏముంది?"

"ఏమో. నేను సూడలే" అంది. అని, తప్పు చేసినదానిలా నాలుక కరుచుకుంది. "దూకితి గద టీచరమ్మా!"

"దూకు! నువ్వు దూకకపోతే నేను దూకుతాను బావిలో" అన్నాను. ముగ్గురం నవ్వి నవ్వి అలిసిపోయాం. దేవమ్మ తేరుకుని చాట పక్కన పెట్టింది.

"గీ మాట ఆరు నెలల కింద చెప్పరాదు? ఉత్తగనే నా పానం తీస్తివి" అంది. ఆ చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసి ఇచ్చింది.

నోటీసు సంగతి ఆవిడే తేల్చింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే గరిటెతో పైకి లాగి ఒక మెతుకు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. నలిపి నా వైపు తిరిగింది. "గా కాగితం గూడ గిట్లనేనా టీచరమ్మా? కుండంత తిని సూసే పని లేకుంట?" అంది. అవునన్నాను. ఇందుమూలముగా అనేది ఎవరి పేరూ కాదనీ, పెళ్ళి వాళ్ళొస్తే ముందు బాజాలు మోగినట్టు ఆఫీసు కాగితాల ముందు ఆ మాట మోగుతుందనీ, బాజా దాటి లోపలికెళ్ళి ఏ రోజు, ఏం పని, ఎవరికి అన్నది నొక్కి చూస్తే చాలనీ చెప్పాను. ఆ సాయంత్రమే గోడ మీది రెండు మాటలూ తడిబట్టతో తుడిచేశాను.

తర్వాత రెండు వారాలు మా క్లాసు చూడాలి! పప్పు డబ్బాల కాగితాలు, అగ్గిపెట్టెలు, గోడల మీది ఎన్నికల రాతలు, కరెంటాఫీసు బోర్డు, దొరికిందల్లా ఏరడమే. పుష్పమ్మ పోటీకి కూర్చుంటే దేవమ్మ ఓడించేది. నాకు మళ్ళీ గర్వం వచ్చేసింది. "చదువంటే ఇదే. ఏ కాగితమైనా సరే, ఏం కావాలో అది చూడు, మిగతాది వదిలెయ్" అని కొత్త సూత్రం చెప్పేశాను. పాతది ఎంత గట్టిగా చెప్పానో ఇదీ అంత గట్టిగా చెప్పాను. మా నాన్న కూతుర్నే కదా.

పరీక్ష రోజు కంపెనీవాళ్ళు నన్నూ రమ్మన్నారు, చదువు చెప్పినదాన్ని కాబట్టి సాక్షి సంతకం పెట్టాలట. పర్సనెల్ ఆఫీసరు బాపిరాజుగారు మా వైపు మనిషే. లావుగా, తెల్లగా, మాటకి ముందూ వెనకా 'అండి' తగిలిస్తూ చెమట తుడుచుకుంటుంటాడు. క్యాంటీన్‌లో బల్లల మీద సీసాలు పేర్చారు. పదకొండుమంది ఆడవాళ్ళు వచ్చారు.

దేవమ్మ వంతు వచ్చింది. కళ్ళకద్దుకోలేదు. చీర కొంగు నడుములో దోపింది. వరస వెంట నడుస్తూ సీసా తిప్పడం, చూడడం, పెట్టడం. తిప్పడం, చూడడం, టిక్కున పక్కకి తీసెయ్యడం. ఆరు నిమిషాలకి చివరికొచ్చేసింది. గడువు దాటినవి ఎనిమిది పెట్టారు, ఎనిమిదీ తీసింది. బాపిరాజుగారు ఆశ్చర్యపోయి నోటీసు చేతికిచ్చాడు. దేవమ్మ పైన ఒక చూపు, మధ్యలో ఒక చూపు, చివర ఒక చూపు వేసి తిరిగిచ్చేసింది.

"శనివారం ట్యాంకు కడుగుతరంట సార్. నీళ్ళు రావు. ఇంటికెల్లి తెచ్చుకోవాలె. గంతే."

"గంతేనా అండి!" అని బాపిరాజుగారు నవ్వేశాడు. నాకు అక్కడే గెంతాలనిపించింది.

పదకొండున్నరకి పేర్లు చెప్పారు. దేవమ్మ పేరు రెండోది. పుష్పమ్మ పేరు నాలుగోది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తూ నవ్వారు. బాపిరాజుగారు అప్పటికే నియామకపు కాగితాలు సిద్ధం చేయించి ఉంచాడు. స్టెన్సిల్ కొట్టి తీసిన రెండేసి పేజీలు, ఖాళీల్లో పేర్లు రాయిస్తే సరి. "హైమావతిగారూ, ఒకసారి చూసి సాక్షి సంతకం పెట్టేయండి. భోజనాలవేళ అవుతోంది" అన్నాడు.

చూశాను. పేరుంది. లేబుళ్ళ పరిశీలకురాలు అనుంది. కింద కంపెనీ ముద్ర ఉంది. మెతుకు ఉడికింది. నాలుగు కాగితాల మీదా గీకి పారేశాను. ముగ్గురు ఆడవాళ్ళు వరసగా వచ్చి, కొత్తగా నేర్చుకున్న సంతకాలు నాలుక బయటపెట్టి మరీ గుండ్రంగా పెట్టారు. నాలుగో మనిషి రాలేదు.

దేవమ్మ కాగితం పట్టుకుని పోయి క్యాంటీన్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. బాసింపట్టు వేసుకుంది. మొదటి పేజీ మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"ఇం-దు-మూ-ల-ము-గా..."

నేను గబగబా వెళ్ళి పక్కన కూర్చుని గొంతు తగ్గించి "దేవమ్మా! మళ్ళీ మొదటికొచ్చావేంటి? పరువు తీస్తావా? నేను చూశాను, అంతా బాగానే ఉంది. సంతకం పెట్టు" అన్నాను.

"జెర ఆగు టీచరమ్మా."

"ఏది కావాలో అది చూడమన్నానా లేదా? పేరు చూసుకున్నావుగా!"

ఆవిడ వేలు తియ్యకుండానే తలెత్తింది. కోపం లేదు. తన కన్నా చిన్నవాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

"గీ కాగితంల నాకేం గావాల్నో నాకే ఎర్కలేదు టీచరమ్మా. ఎర్కుంటె ఏరుదును. ఇది బియ్యం గాదు. పిల్ల నెత్తిల పేలు సూసినట్టు సూడాలె. పాయ పాయ తియ్యాలె. ఒక్క పాయ ఇడిసినా పేను గండ్లనే ఉంటది."

మళ్ళీ వేలు పెట్టింది. బాపిరాజుగారు గడియారం చూసుకున్నాడు. పెన్ను బల్ల మీద తాటించాడు. "చదువొచ్చిన కొత్త కదండి, సరదా" అన్నాడు నాతో. నేను నవ్వబోయాను గానీ రాలేదు. ముగ్గురు ఆడవాళ్ళూ దేవమ్మ చుట్టూ మూగారు. భోజనానికొచ్చిన మగవాళ్ళు పళ్ళేలు పట్టుకుని ఎగతాళి మొదలుపెట్టారు. "పరీక్షల పాసయినవ్ గదనే, ఇంకేం సదువుతవ్?" అన్నాడొకడు. దేవమ్మకి ఎవరి మాటా వినబడలేదు. పేజీ తిప్పింది. నలభై నిమిషాలు గడిచాయి. సిగ్గుతో నా చెవులు ఎర్రబడిపోయాయి.

"పై ని-యా-మ-క-ము... ఎ-న-భై..."

ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ చదివింది. ఇంకోసారి చదివింది.

"టీచరమ్మా. గిది నా కండ్లకే గిట్ల కనవడుతుందా? 'ఎనభై తొమ్మిది దినములకు మాత్రమే' అని ఉన్నదా?"

లాక్కున్నాను. రెండో పేజీ, ఏడో వరస. 'పై నియామకము ఎనభై తొమ్మిది దినములకు మాత్రమే వర్తించును. తదుపరి దానంతటదే రద్దగును.' ఆ వరస పక్కనే, నాలుగు వేళ్ళ దూరంలో, నా సంతకం. మా నాన్న దగ్గర నేర్చుకున్న సంతకం, 'హై' మీద రెండు సున్నాలంత వంపు తిప్పి మరీ పెట్టింది.

కాగితం తీసుకెళ్ళి బాపిరాజుగారి ముందు పెట్టి ఆ వరస మీద వేలు ఉంచాను. ఆయన చదివాడు. మొహం పాలిపోయింది.

"అయ్యబాబోయ్! ఇది పాత కాంట్రాక్టు కాగితం రెండో పేజీ అండి! మొదటి పేజీ కొత్త స్టెన్సిల్ కొట్టించి, రెండోది పాతదే తీసేశారు. నేను... నేను పేర్లు చూసి సంతకం పెట్టేశానండి."

నిజంగానే పొరపాటు. ఆయన దొంగ కాదు, నాలాంటివాడే. టైపు కొట్టినతను చదవగలడు, ఆఫీసరు చదవగలడు, నేను బియ్యే. ముగ్గురం చదువుకున్నవాళ్ళం కలిసి నలుగురు ఆడవాళ్ళని మళ్ళీ ఎనభై తొమ్మిది రోజుల్లోకి తోసేశాం. సంతకాలు అయిపోయిన ముగ్గురూ లబోదిబోమన్నారు. పుష్పమ్మ "నేను గూడ సదివిన గద, గా పేజీ సదవనే లేదు" అని నెత్తి కొట్టుకుంది. పుష్పమ్మ నవ్వని క్షణం నేను చూడడం అదే మొదటిసారి.

"గీ కాగితాలు చింపుతవా సార్, మమ్మల్ని చింపమంటవా?" అంది దేవమ్మ లేచి నిలబడి. గొంతు పెంచలేదు. ఎగతాళి చేసినవాడు పళ్ళెంలోకి చూస్తున్నాడు.

బాపిరాజుగారు నాలుగు కాగితాలూ అందరి ముందే తన చేత్తో నిలువునా చింపాడు. "తప్పు నాదమ్మా" అన్నాడు. అన్నం మానేసి తనే వెళ్ళి టైపు మిషను పక్కన కూర్చున్నాడు. మేం ఐదుగురం గోడ వారన వరసగా కూర్చున్నాం. ఎవరో టీలు తెచ్చిపెట్టారు.

"దేవమ్మా, నన్ను తిట్టు" అన్నాను. "ఆ రోజు నీకు చదువు రాదన్నాను. ఇవాళ చూడకుండా సంతకం పెట్టి నీ నౌకరి పోగొట్టబోయాను. నేనేం టీచర్ని!"

"తిట్టి ఏం జేయాలె? అచ్చరాలు నువ్వే నేర్పితివి గద" అంది. అని నా మోకాలి మీద చెయ్యి వేసి ఒక్కటిచ్చింది, కొంచెం గట్టిగానే. "గానీ నీకు కోపమెక్కువ టీచరమ్మా. జల్దీ ఎక్కువ. రెండూ జెర తగ్గించు."

"మా ఆయన కూడా అదే అంటాడు."

"మంచోడే లెక్కున్నడు" అంది పుష్పమ్మ. ఆమె నవ్వు వెనక్కొచ్చేసింది.

మూడు గంటలకి బాపిరాజుగారు కొత్త కాగితాలు తెచ్చాడు. సిరా ఇంకా వాసన వేస్తోంది. ఈసారి ఆయన పెన్ను జేబులోంచి తియ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "మీరు చదివాకే" అన్నాడు. దేవమ్మ తన కాగితం అందుకుని, కాసేపు చూసి, నా చేతికిచ్చింది.

"నా కండ్లు గుంజుతున్నయి. నువ్వు సదువు టీచరమ్మా, నేనింట. జల్దీ సదవకు."

నేను కూడా నేల మీద బాసింపట్టు వేసుకున్నాను. పై అంచు మీద వేలు పెట్టాను. పదేళ్ళ వయసు తర్వాత నేను వేలు పెట్టి చదవడం అదే. ఒక్కో మాటా పైకి చదివాను. ఆడవాళ్ళు నలుగురూ, ఆఫీసరూ, పళ్ళేలు కడుగుతున్న వంటవాడూ వింటున్నారు. మొదటి పేజీ అయింది. రెండో పేజీ తిప్పాను. ఏడో వరస దగ్గరికి వచ్చాను.

"'పై నియామకము శాశ్వత ప్రాతిపదికన చేయబడినది.'"

"ఆగు" అంది దేవమ్మ. "శాశ్వతమంటె?"

"అంటే, ఇక ఆపరు. ఎన్ని రోజులైనా ఆపరు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వేలు తెచ్చి ఆ మాట మీద పెట్టింది, నా వేలు పక్కన.

"గా ఒక్క మాట ఇంకోసారి సదువు టీచరమ్మా."

చదివాను.

"ఇంకోసారి."

మళ్ళీ చదివాను.